చిన్న విమానానికి పెద్ద ఇంజనా?

పుంగనూరు నుంచి ఒక తల్లి వ్రాసిన వుత్తరం నా బల్ల మీద రెండు నెలలుగా వుంది. ఆమెకు జవాబు అప్పుడే పోస్టులో పంపాను. ఆమె తిరిగి వ్రాశారు కూడా. అయితే అటువంటి ప్రశ్నే కుప్పం నుంచి ఒకరూ, మదనపల్లె నుంచి ఒకరూ అడిగేసరికి, ఈ వారం మన 'తీరిక వేళ' అంతా దీనికే ఇచ్చేస్తే బాగుంటుందనిపించింది. కుట్టుపనుల కోసం ఈ పేజీ తెరిచిన సోదరీమణులు మన్నించాలి. ఈ కథలో వంటింటి త్రాసుకు చాలా పని వుంది గనుక వారు కూడా చదవవచ్చు.

ఆ తల్లి వ్రాసినదాని సారాంశం ఇది. వాళ్ళ అబ్బాయి డిప్లొమా చదువుతున్నాడు. రేడియోతో నడిపే విమానం ఒకటి ఆరు నెలలు కష్టపడి స్వయంగా కట్టుకున్నాడు. చెన్నైలో పెదనాన్నగారి కొడుకు దగ్గర కూడా అచ్చం అటువంటి విమానమే వుంది. అదే ఇంజను, అదే ప్రొపెల్లరు. సంక్రాంతి సెలవుల్లో వెళ్ళినప్పుడు అది ఆకాశంలో పల్టీ మీద పల్టీ కొట్టడం ఈమె కళ్ళారా చూశారు. తీరా పుంగనూరులో, ఎండిపోయిన చెరువులో, వేసవి సెలవుల్లో వీడు యెగరేస్తే, అది సగం పల్టీ దాకా వెళ్ళి, నడినెత్తిన నిలబడిపోయి, ఒక రెక్క వాల్చి కింద పడుతున్నది. రెండుసార్లు రెక్క విరిగింది.

"ఇంజను చాలడం లేదు, దీనికన్న పెద్దది కొనిపెట్టమంటాడు వీడు. దుకాణంవాడు పాత ఇంజనుకు మెరుగుపెట్టి అంటగట్టాడంటారు ఆయన. వీడికి చేతకాదంటారు మామగారు. టమాటాకు ధర పలికిన నెలలో మిగిలిన డబ్బు వీడి ఫీజు కోసం దాచాము. దానిమీదే ఇప్పుడు వీడి కన్ను. ముగ్గురూ ఒక పంక్తిన కూర్చుని అన్నం తినడం మానేశారు. నేను ఎవరి పక్షం వహించను?"

ఎవరి పక్షమూ వద్దమ్మా, ముగ్గురూ పొరబడ్డారు అని వ్రాశాను. దోషం గాలిది.

చిత్తూరు నుంచి పలమనేరు వెళ్ళే బస్సు మొగిలి ఘాటు ఎక్కేటప్పుడు ఎంత మూలుగుతుందో ఆ ప్రాంతం వాళ్ళకు చెప్పనక్కరలేదు. అలా ఎక్కి మనం చేరేది పీఠభూమి మీదికి. పుంగనూరు, మదనపల్లె, కుప్పం మూడూ సముద్ర మట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున, అంటే 2,300 అడుగులకు కాస్త అటూ ఇటూగా వున్నాయి. అంత ఎత్తున గాలి పలచబడుతుంది. ఎండ కాస్తే ఇంకా పలచబడుతుంది. గాలికి బరువేమిటి అంటారేమో! ఉంది. జనవరి నెలలో పొద్దున్నే, పాతిక డిగ్రీల వేడిలో, చెన్నైలో ఒక ఘనపు మీటరు గాలిని తూచగలిగితే ఒక కిలో 185 గ్రాములు తూగుతుంది. మే నెల మధ్యాహ్నం, 38 డిగ్రీల ఎండలో, పుంగనూరు చెరువులో అదే కొలత గాలి ఒక కిలో 45 గ్రాములే. నూటికి పన్నెండు పాళ్ళు తరుగు! కిరాణా కొట్టులో పప్పు ఇలా తూస్తే మనం ఊరుకుంటామా?

ఈ తరుగు మూడుచోట్ల దెబ్బ తీస్తుంది. ఇంజను పీల్చుకునే గాలి తగ్గితే కాల్చగలిగే ఇంధనమూ తగ్గి, బలం తగ్గుతుంది. ప్రొపెల్లరు వెనక్కి తోసే గాలి తేలికైపోతే విమానాన్ని ముందుకు లాగే పట్టు తగ్గుతుంది. రెక్క కిందా మీదా పారే గాలి తేలికైతే, అదే బరువు మోయడానికి విమానం ఇంకా వేగంగా పోవలసి వస్తుంది. పల్టీ కొట్టేటప్పుడు వేగం అన్నిటికన్న తగ్గిపోయేది ఎక్కడ? సరిగ్గా నడినెత్తిన. వీడి విమానం చతికిలపడుతున్నదీ అక్కడే.

ఇందులో ఒక మాయ వుంది. అబ్బాయి తెలివైనవాడే. ఇంజను నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతున్నదో చూసే మీటరు అన్న దగ్గర అరువు తెచ్చి కొలిచాడు. చెన్నైలో ఎన్ని చుట్లో ఇక్కడా దాదాపు అన్నే! అందుకనే ఇంజను బాగానే వుంది, సైజే చాలలేదు అని నిశ్చయించుకున్నాడు. ఆ మీటరు అబద్ధం చెప్పలేదు. ఇంజను బలం తగ్గిన మేరకే, ప్రొపెల్లరు చీల్చుకుంటూ తిరగవలసిన గాలి బరువు కూడా తగ్గింది. ఎద్దు చిక్కింది, బండిలో సరుకూ తగ్గింది. కాబట్టి నడక మాత్రం మారలేదు. సంతకు చేరిన మూటలు లెక్కపెడితే గాని అసలు సంగతి తెలియదు.

ఆ మూటలు లెక్కపెట్టే విధానం కూడా చెప్పాను. విమానం తోకకు గట్టి తాడు కట్టి, ఆ తాడును వేలాడే స్ప్రింగు త్రాసు కొక్కేనికి తగిలించి, త్రాసును నేలలో పాతిన గుంజకు కట్టాలి. ఒకరు వెనకనుంచి తోక పట్టుకోవాలి. ఇంజను పూర్తిగా హెచ్చించి త్రాసు ఎంత చూపుతున్నదో చదవాలి. ప్రొపెల్లరుకు ఎదురుగా గాని, అది తిరిగే వరుసలో పక్కన గాని ఎవరూ నిలబడరాదు. అది తిరుగుతున్నప్పుడు కంటికి కనిపించదు; వేలు తెగిన తరువాతే కనిపిస్తుంది. ఇలా కొలిచిన లాగుడు, విమానం బరువు, ఈ రెండూ పక్కపక్కన వ్రాసుకుంటే సగం వాదన తీరిపోతుంది. లాగుడు బరువుకు సమానమైనా, మించినా నిలువుగా ఎక్కే విన్యాసాలకు ధైర్యంగా దిగవచ్చు. బరువులో మూడొంతులకు తగ్గితే ఆ విమానం చక్కర్లకు పనికివస్తుంది గాని గారడీలకు రాదు.

అబ్బాయిది '46' సైజు ఇంజను. అంటే ఏడున్నర సీ.సీ. రెక్క ఈ చివరనుంచి ఆ చివరకు 57 అంగుళాలు. ప్లాను మీద వ్రాసిన బరువు రెండు కిలోల నాలుగు వందల గ్రాములు. ఇంటి త్రాసులో పెట్టి చూడమన్నాను. రెండు కిలోల ఎనిమిది వందల అరవై! ఆ నాలుగు వందల అరవై గ్రాములు ఎక్కడినుంచి వచ్చాయో వాడికే తెలియదు. నేను చెప్పగలను. ఎందుకంటే ఆ వయసులో నేనూ అంతే. రెక్క విరిగిన చోట జిగురు కుమ్మరించి, 'ఇక విరగదు' అనుకుంటాము. రంగు మూడుసార్లు పూస్తాము. అందం కోసం పెద్ద చక్రాలు, అద్దాల కింద ఒక పైలటు బొమ్మ. అన్నిటికన్న దొంగ తోక. తోక అతుకులో 20 గ్రాముల జిగురు ఎక్కువైతే, తూకం నిలబెట్టడానికి ముక్కులో 50, 60 గ్రాముల సీసం వేయాల్సి వస్తుంది. తోక కొస పొడుగైన కాడి కదా!

ఇప్పుడు పెద్ద ఇంజను కొంటే ఏమవుతుంది? '46' తీసి '61', అంటే పది సీ.సీ. ఇంజను, పెడితే ముక్కులో దాదాపు 200 గ్రాములు పెరుగుతుంది. దానికి ప్రొపెల్లరు పెద్దది. ప్రొపెల్లరు నేలకు తగలకుండా కాళ్ళు పొడుగు చేయాలి. ఎక్కువ తాగుతుంది గనుక ఇంధనపు తొట్టి పెద్దది. ముక్కు బరువెక్కింది గనుక ఈసారి తోకలో సీసం. చివరకు బలం పెరిగిందెంతో బరువూ రమారమి అంతే పెరుగుతుంది. దిగేటప్పుడు వేగం మాత్రం హెచ్చుతుంది. ఒంగోలు గిత్తల కాడి పుంగనూరు దూడ మెడకెత్తితే బండి కదలదు సరికదా, దూడ మెడ విరుగుతుంది. ఇది ఉపమానం కోసం చెప్పడం లేదు. నేను కాలేజీలో చదివే రోజుల్లో కుప్పం దగ్గర ఒక ఎండిన చెరువులో సరిగ్గా ఈ పనే చేశాను. అప్పు చేసి పెద్ద ఇంజను తెచ్చి చిన్న విమానానికి బిగించాను. మొదటి రెండు నిమిషాలు స్వర్గం. తరువాత పైనుంచి నిటారుగా దింపి ఒక్కసారి పైకి లాగాను. వేగం ఒకటిన్నర రెట్లయితే రెక్క మీద పడగల భారం రెండుంబావు రెట్లు అవుతుందని ఆ సరికి పుస్తకంలో చదివే వున్నాను. రెక్కలు రెండూ గొడుగులా పైకి ముడుచుకున్నాయి. ఇంజను నేలలో జానెడు లోతు దిగింది. అప్పు తీర్చడానికి ఏడాది పట్టింది. ఈ మాట ఆ తల్లికి వ్రాసిన వుత్తరంలో దాచలేదు.

అందుచేత మన పీఠభూమి మీద వుండేవారు జత కుదుర్చుకునే పద్ధతి కొంచెం వేరుగా వుండాలి. ప్లాను మీద '40 నుంచి 46' అని వ్రాసివుంటే చెన్నైవారు 40తో సరిపెట్టుకోవచ్చు. మనం 46 తీసుకోవాలి. ప్లాను మీద బరువు 'రెండుంబావు నుంచి రెండున్నర కిలోలు' అని వుంటే మనం రెండుంబావునే గురి పెట్టుకోవాలి. ఆ పరిధి దాటి మాత్రం పోవద్దు. పది సీ.సీ. ఇంజను కావాలని మరీ మోజుగా వుంటే, అందుకు తగ్గట్టు అయిదున్నర అడుగుల రెక్క, మూడు మూడున్నర కిలోల బరువు గల విమానాన్ని మొదటినుంచీ కట్టుకోవాలి. నాలుగు స్ట్రోకుల ఇంజను వాడదలచినవారు రెండు స్ట్రోకులదానికన్న రమారమి ఒకటిన్నర రెట్ల సైజు తీసుకోవాలి: '46' బదులు '70' అన్నమాట. దాని శబ్దం చెవికి హాయిగా వుంటుంది. ధర మాత్రం హాయిగా వుండదు.

ఇంజను మార్చకముందు మార్చి చూడవలసినది ప్రొపెల్లరు. దాని ఖరీదు ఇంజను ముందు ఏపాటి? ప్రొపెల్లరు మీద '10 × 7' అని వుంటే మొదటి అంకె నిడివి, రెండవది పిచ్. ఇది మన పిచ్చి కాదు. మర చుట్టు దిగినట్లు ఒక చుట్టుకు ఎన్ని అంగుళాలు ముందుకు సాగాలో ఆ లెక్క. అబ్బాయి వాడుతున్నది 10 × 7. అది పరుగు పందేనికి మంచిది. పల్టీలకు 11 × 5 గాని, 11 × 6 గాని వేయమన్నాను. నిడివి ఎక్కువైతే ఎక్కువ గాలిని పట్టుకుంటుంది, పిచ్ తగ్గితే తిప్పడం సులువవుతుంది. వేగం కొంత పోయినా లాగుడు పెరుగుతుంది. కొండ ఎక్కే బస్సు డ్రైవరు గేరు తగ్గించడం చూడలేదూ?

ఇక కార్బురేటరు సూది. చెన్నైలో సరిచేసిన సూదిని తాకకుండా ఇక్కడ నడిపితే గాలి తక్కువై ఇంధనం ఎక్కువవుతుంది. పొగ ఎక్కువ, బలం తక్కువ. సూదిని కొద్దికొద్దిగా బిగించుకుంటూ రావాలి. ముక్కు పైకెత్తి పట్టుకున్నా ఇంజను గొంతు మారకూడదు, అదే గుర్తు. మరీ బిగిస్తే ఇంజను వేడెక్కి గ్లో ప్లగ్గు తీగ తెగుతుంది. అంతకన్న ముఖ్యం, పిస్టను పాడవుతుంది. ఈ గ్లో ప్లగ్గు ఇంజనుల ఇంధనంలో ముఖ్యభాగం మిథనాలు. తరువాతది నూనె. ఆ నూనె ఏమిటనుకున్నారు? ఆముదం! ఇప్పుడు కృత్రిమ నూనెలు కలుపుతున్నారు గాని, ఇంజను మరీ వేడెక్కినప్పుడు ఆదుకునేది ఆముదమే అని పాతకాపులు నేటికీ కొంత కలపనిదే ఒప్పుకోరు. మొదటి ప్రపంచ యుద్ధంలో అసలు విమానాల రోటరీ ఇంజనులు కూడా ఆముదం తాగినవే. మన అమ్మమ్మలు తలకు పట్టించినప్పుడు ఏడ్చిన మనకు ఈ సంగతి తెలియదు. మిథనాలు మాత్రం విషం. రంగులేని నీళ్ళలా వుంటుంది. దానిని నీళ్ళ సీసాలో పోసి వంటింట్లో పెట్టడం మహాపరాధం.

అన్నిటికన్న చవకైన ఇంజను ఒకటుంది: తెల్లవారుజాము. మే నెలలోనే, పొద్దున ఆరు గంటలకు 24 డిగ్రీలున్నప్పుడు ఆ ఘనపు మీటరు గాలి ఒక కిలో 90 గ్రాములు దాటుతుంది. పైసా ఖర్చు లేకుండా 45 గ్రాములు లాభం. ఎండలో వేడెక్కిన చెరువు మట్టి మీద లేచే సుడిగాలులు కూడా అప్పటికి వుండవు. మన అబ్బాయి రోజూ మధ్యాహ్నం మూడు గంటలకు వెళ్ళేవాడట. పొద్దున్నే లేవడం కన్న పెద్ద ఇంజను కొనడమే వాడికి తేలికనిపించింది కాబోలు.

కుప్పం నుంచి వ్రాసినవారు ఒక ఆఫీసులో గుమాస్తా. కూతురితో కలిసి విద్యుత్ మోటారుతో కిలోన్నర విమానం కట్టారు. మాకూ ఈ గాలి బెడద వుంటుందా అని అడిగారు. ఉంటుంది, కానీ సగానికన్న తక్కువ. మోటారు గాలి పీల్చదు కదా! బ్యాటరీ ఇచ్చే బలం ఇక్కడా అంతే, సముద్రపొడ్డునా అంతే. నష్టం ప్రొపెల్లరుకూ, రెక్కకే. నిడివి ఒక అంగుళం పెంచి చూడవచ్చు. పెంచాక వాట్లు చూపే మీటరు పెట్టి, మోటారు, దాని స్పీడు కంట్రోలరు తట్టుకోగలిగినంత కరెంటే లాగుతున్నదా అని తప్పక చూసుకోవాలి. విన్యాసాలకు కిలో బరువుకు సుమారు 330 వాట్లు పెట్టుకోవచ్చు. వీరి విమానానికి 500 వాట్లు. మూడు అరల లిథియం బ్యాటరీ నుంచి 500 వాట్లు రావాలంటే 45 ఆంపియర్లు లాగాలి. నాలుగు అరలదైతే 34 చాలు, తీగలు చల్లగా వుంటాయి. కాబట్టి మోటారు అందుకు తగినదైతే నాలుగు అరలదే నయం. ఈ బ్యాటరీలను మంచం మీద పెట్టి ఛార్జి చేయకండి. అంటుకుంటే ఆర్పడం కష్టం. కుప్పంలో గ్రానైటు పలకలకు కొదవా? ఒక పలక తెచ్చుకుని, దానిమీద పెట్టి, ఛార్జి అయ్యేదాకా దగ్గరే కూర్చోండి.

ఈ విన్యాసాలకు ప్రపంచ పోటీలు వున్నాయని ఆ చిన్నమ్మాయి అడిగింది. ఉన్నాయి. మొదటిది 1960లో స్విట్జర్లాండులో జరిగింది. అమెరికాకు చెందిన ఎడ్ కజ్మిర్‌స్కీ గెలిచాడు. 1967లో కోర్సికా దీవిలో ఫిల్ క్రాఫ్ట్ గెలిచాడు. ఆ రోజుల్లో ఇంజను పది సీ.సీ. దాటరాదని నియమం వుండేది. ఇప్పుడు ఆ నియమం తీసేశారు. ఎంత ఇంజను పెట్టుకున్నా ఎవరూ అడగరు. కానీ విమానం రెండు మీటర్ల పొడవూ, రెండు మీటర్ల వెడల్పూ, అయిదు కిలోల బరువూ దాటరాదు. ఇంజనును వదిలేసి త్రాసును మాత్రం వుంచుకున్నారన్నమాట.

మదనపల్లె నుంచి వ్రాసిన రిటైరయిన మాస్టారు, మనుమడితో హార్స్‌లీ కొండకు వెళ్ళి అక్కడ యెగరేస్తే ఎలా వుంటుందంటారు. వద్దు మాస్టారూ. అది 1,265 మీటర్ల ఎత్తు. గాలి ఇంకా పలచన. పైగా చెట్లు, లోయ అంచున గాలి సుడులు, షికారుకు వచ్చిన జనం. కొండ మీద వుప్మా తిని కిందికి వచ్చి మైదానంలో యెగరేయండి. యెగరేసే ముందు మరొక పని వుంది. 2021 నాటి డ్రోన్ నియమాలు ఈ ఆటబొమ్మలకూ వర్తిస్తాయి. ప్రభుత్వంవారి డిజిటల్ స్కై పటంలో మీ మైదానం ఆకుపచ్చ ప్రాంతంలో వున్నదో లేదో చూసుకోవాలి. ఆకుపచ్చలో కూడా 400 అడుగులు మించరాదు. విమానం కంటికి ఆనేంత దూరంలోనే వుండాలి.

పుంగనూరు తల్లి రెండవ వుత్తరం మొన్న వచ్చింది. టమాటాలు తూచే త్రాసు పనికిరాక, మిఠాయి దుకాణం నుంచి గ్రాముల త్రాసు తెచ్చుకున్నారట. అబ్బాయి విమానాన్ని విప్పదీసి ముక్క ముక్కా తూచి, నోటుబుక్కులో వ్రాసి, పైలటు బొమ్మను చెల్లెలికిచ్చేశాడు. తోక గీకి మళ్ళీ అతికించాడు, ముక్కులో సీసం తీసేశాడు, చక్రాలు మార్చాడు. బరువు రెండు కిలోల 510 గ్రాములకు దిగింది. ఒక తెల్లవారుజామున చెరువులో గుంజ పాతి లాగుడు కొలిచారు. త్రాసు చదివింది తాతగారు, కళ్ళజోడు సవరించుకుంటూ. తోక పట్టుకున్నది తండ్రి. పాత ఇంజనే, 11 × 5 ప్రొపెల్లరు. రెండు కిలోల ఆరు వందల దగ్గర ముల్లు నిలిచిందట. ఫీజు డబ్బు ఎవరూ ముట్టుకోలేదు. పల్టీ సంగతి మాత్రం ఆమె వ్రాయలేదు. ఆ రాత్రే వాన కురిసి చెరువులోకి మోకాటి లోతు నీళ్ళు వచ్చాయట.